లైసెన్సు లేదన్న మాటకు రెండర్థాలు

తెలుగులో ‘లైసెన్సు లేదు’ అన్న మాటకు రెండర్థాలున్నాయి. బండి నడపడం నేర్చి, పరీక్షకు నిలబడి, ప్రభుత్వం నుంచి అనుమతి పొందని మనిషి గురించి ఆ మాట అంటారు. ఆ అనుమతి ఏనాడో పొంది, కార్డును ఇంట్లో మరిచిపోయో, రద్దీ బస్సులో పర్సుతో సహా పోగొట్టుకునో వచ్చిన మనిషి కూడా రోడ్డు పక్కన ఆపిన పోలీసు ముందు అదే మాట అంటాడు. మొదటివాడికి లేనిది అర్హత, రెండోవాడికి లేనిది ఆ అర్హతను చూపించే వస్తువు మాత్రమే. ఈ రెండు లేములకూ మధ్య ఉన్న దూరాన్ని వాడుక మాట పట్టించుకోకపోయినా చట్టం పట్టించుకుంది, ఆ పట్టింపును నిత్యజీవితం మాత్రం తరచు మరిచిపోతుంది. లైసెన్సు పోయినప్పుడు మనిషికి కలిగే బెంగ చాలావరకు ఈ మరపు నుంచి పుట్టేదే.

మోటారు వాహనాల చట్టం, 1988 మూడవ సెక్షన్, అమలులో ఉన్న డ్రైవింగ్ లైసెన్సు పొందనిదే ఎవరూ బహిరంగ ప్రదేశంలో మోటారు వాహనం నడపరాదని శాసిస్తుంది. దాన్ని మీరిన వారికి 181వ సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలు గానీ, 2019 సవరణ తర్వాత 5,000 రూపాయలకు పెరిగిన జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు. 130వ సెక్షన్ చెప్పేది వేరే సంగతి: యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అడిగినప్పుడు నడిపే వ్యక్తి తన లైసెన్సును చూపించాలన్నది దాని సారం. ఆ చూపించడం ఎలాగో వివరించే కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 139వ నిబంధన, అడిగిన క్షణంలో కాగితాలు చేతిలో లేనివారు వాటి ధ్రువీకరించిన ప్రతులను స్వయంగా తెచ్చి గానీ, రిజిస్టరు పోస్టులో పంపి గానీ చూపించేందుకు 15 రోజుల గడువును మొదటి నుంచీ ఇచ్చింది. అంటే అర్హత లేకపోవడం ఒక నేరం, అర్హతను అక్కడికక్కడ నిరూపించలేకపోవడం గడువు ఇచ్చి సర్దుకోదగిన లోటు. ఈ భేదం అలంకారప్రాయమైనది కాదు. లైసెన్సు అనే భావన మొత్తం దాని మీదే నిలబడి ఉంది.

‘లైసెన్సు’ అన్న మాట లాటిన్‌లో ‘అనుమతించబడి ఉండడం’ అనే అర్థం గల క్రియ నుంచి వచ్చింది. మూలంలో అది ఒక స్థితిని చెప్పే మాట, వస్తువును చెప్పే మాట కాదు. తెలుగులో దానికి సాటిగా వాడే ‘అనుమతి పత్రం’లో గానీ, పారశీకం నుంచి వచ్చి పాత దస్తావేజుల్లో స్థిరపడిన ‘పరవానా’లో గానీ అనుమతీ కాగితమూ విడదీయరానంతగా కలిసిపోయాయి. చరిత్ర కూడా ఆ కలయికకే దారి తీసింది. 1888లో కార్ల్ బెంజ్ తాను తయారుచేసిన మోటారు బండిని వీధుల్లో నడుపుకోవడానికి జర్మనీలోని బాడెన్ ప్రభుత్వం నుంచి రాతపూర్వకమైన అనుమతి తీసుకున్నాడు. ఆ కాగితం నడిపేవాడి నేర్పును పరీక్షించి ఇచ్చినది కాదు, ఊరివాళ్లను కంగారు పెట్టే యంత్రానికి దొరికిన సమ్మతి. బ్రిటన్‌లో 1903 చట్టం లైసెన్సును తప్పనిసరి చేసినప్పుడు కూడా పరీక్ష లేదు, ఐదు షిల్లింగులు కడితే కాగితం చేతికి వచ్చేది. పరీక్ష తప్పనిసరి కావడానికి 1935 వరకు ఆగవలసి వచ్చింది. భారతదేశంలో 1914, 1939, 1988 చట్టాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి ఈ వ్యవస్థను పెంచాయి. మొత్తం మీద కాగితం ముందు పుట్టి, నైపుణ్యాన్ని పరీక్షించి అర్హుడని తేల్చే పద్ధతి తర్వాత వచ్చింది. అందుకే కావచ్చు, తెలుగువారు ఇప్పటికీ ‘లైసెన్సు పాసయ్యాడు’ అనడం కంటే ‘లైసెన్సు తెచ్చుకున్నాడు’ అనే ఎక్కువగా అంటారు. తెచ్చుకున్నది కాబట్టి పోగొట్టుకోవడానికీ వీలుంటుంది.

పోవడాన్ని చెప్పే క్రియల్లో తెలుగుకు ఉన్న సంపద ఈ సందర్భంలో గమనించదగినది. ‘లైసెన్సు పోయింది’ అంటే కర్త లేడు. కరెంటు పోయినట్టు, ప్రాణం పోయినట్టు అదే పోయింది, ఎవరినీ తప్పు పట్టే పని లేదు. ‘పోగొట్టుకున్నాడు’ అంటే నష్టం ఆ మనిషిది, దానిలో అతని పాలు కొంత ఉంది. ‘పారేసుకున్నాడు’ అంటే తప్పంతా అతని నెత్తి మీదే వేసినట్టు. చేజేతులా విసిరేసి తర్వాత వెతుక్కుంటున్నాడన్న మందలింపు ఆ మాటలోనే ఉంది, అందుకే ఇంట్లో పెద్దవాళ్లు దాన్నే ఎంచుకుంటారు. ‘ఎవరో కొట్టేశారు’ అంటే రెండో మనిషి రంగంలోకి వచ్చాడు, నష్టం నేరంగా మారింది. ఒకే కార్డు ఒకే సాయంత్రం కనబడకుండా పోయిన సంగతిని ఇంట్లో ఒక క్రియతో, స్నేహితులకు మరో క్రియతో చెప్పుకున్న మనిషి పోలీసు స్టేషన్ గడప తొక్కేసరికి, వీటిలో ఏదో ఒక్కటి ఖాయం చేసుకోవలసి వస్తుంది. రద్దీలో జేబు ఖాళీ అయిన మనిషికి చాలాసార్లు అది జారిందో, ఎవరైనా తీశారో నిజంగానే తెలియదు. తెలియదన్నదే నిజమైన జవాబైనా, దరఖాస్తు ఫారంలో ఆ జవాబుకు గడి ఉండదు.

ఆ ఎంపిక వల్ల చట్టపరంగా వచ్చే తేడా చిన్నది కాదు. వస్తువు పోయిందంటే అందులో నేరం లేదు కనుక, ఆ సమాచారం జనరల్ డైరీలో, అంటే స్టేషన్‌లో ప్రతిరోజూ జరిగిన ప్రతి సంగతినీ వేళతో సహా వరుసగా నమోదు చేసే పుస్తకంలో, ఒక పద్దుగా చేరుతుంది. ఫిర్యాదుదారుడు తీసుకువెళ్లేది ఆ పద్దు సంఖ్య, లేదా ‘వెతికినా దొరకలేదు’ అని తెలిపే ధ్రువపత్రం. దొంగతనం అంటే ఎఫ్‌ఐఆర్ ప్రశ్న వస్తుంది. ఎఫ్‌ఐఆర్ అనే ప్రథమ సమాచార నివేదిక, మేజిస్ట్రేటు ఆదేశం కోసం ఆగకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టగలిగిన నేరాలకే వర్తిస్తుంది. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 173వ సెక్షన్ దాన్ని నమోదు చేయవలసిన తీరును, దాని ప్రతిని ఫిర్యాదుదారుడికి ఉచితంగా ఇవ్వవలసిన బాధ్యతను చెబుతుంది. అయితే అదే సంహిత పట్టికలో, 5,000 రూపాయలకు తక్కువ విలువ గల సొత్తు దొంగతనం, పోలీసులు తమంతట తాము దర్యాప్తు చేయదగని నేరాల్లో చేరింది. మూడు నాలుగు వందల రూపాయలు, ఒక లైసెన్సు, ఒక ఫొటో ఉన్న పర్సు విలువ ఎంత? సొత్తుగా లెక్కిస్తే ఆ ప్లాస్టిక్ ముక్క ధర చాలా తక్కువ. అది లేక నాలుగు రోజులు బండి ఎక్కలేని డ్రైవర్ కూలీగా లెక్కిస్తే ఆ విలువ వేలలోకి వెళ్తుంది. వస్తువు విలువను చూసే కొలబద్దకు, వస్తువు లేకపోవడం వల్ల కలిగే నష్టం అందదు.

పోయినదానికీ పోనిదానికీ మధ్య ఉన్న బంధాన్ని అర్థం చేసుకోవడానికి తెలుగు కార్యాలయ భాషలోని మరో జంటపదం ఉపకరిస్తుంది: అసలు, నకలు. రెండూ అరబ్బీ మూలం నుంచి ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చినవే. రెవెన్యూ కార్యాలయంలో పహాణీ నకలు, కోర్టులో తీర్పు నకలు అడిగే రైతుకు నకలు అంటే మోసం కాదని, అసలును చూసి అధికారి చేవ్రాలు చేసి ఇచ్చిన నమ్మదగిన ప్రతి అని బాగా తెలుసు. ఆ మాటకు సోదర పదమైన ‘నకిలీ’ మాత్రం దొంగ సరుకును చెబుతుంది. పోయిన లైసెన్సుకు బదులుగా రవాణా శాఖ ఇచ్చే దాన్ని ‘డూప్లికేట్’ అంటున్నందువల్ల, వినేవారి మనసులో అది నకలు వైపు కంటే నకిలీ వైపు ఒరుగుతుంది. డూప్లికేట్ బియ్యం, డూప్లికేట్ విత్తనం అన్న వాడుకలు ఆ మాటకు తెలుగునాట అంటించిన మసి అది. నిజానికి డూప్లికేట్ లైసెన్సు మీద ఉండేది అదే సంఖ్య, అదే జారీ తేదీ, అదే గడువు, అవే వాహన తరగతులు. అది కొత్త అనుమతి కాదు కనుక బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు మళ్లీ ఎనిమిది ఆకారంలో బండి తిప్పి చూపించనక్కర్లేదు. పాత అనుమతికి పొడిగింపూ కాదు కనుక, వచ్చే ఏడాది ముగియవలసిన గడువు వచ్చే ఏడాదే ముగుస్తుంది.

ఇక్కడొక మెట్టు కిందికి దిగి ఆలోచిస్తే, మొదటిసారి చేతికి వచ్చిన కార్డు కూడా నకలే అన్న సంగతి తెలుస్తుంది. అసలు ఉన్నది కార్యాలయపు రిజిస్టరులో. లైసెన్సు ఇచ్చే అధికారి ఒక మనిషి పేరును, పుట్టిన తేదీని, పరీక్ష ఫలితాన్ని, నడపదగిన వాహన తరగతులను ఆ రిజిస్టరులో నమోదు చేసిన క్షణాన అనుమతి పుట్టింది. ఆ నమోదు నుంచి తీసిన ఒక ప్రతి కార్డు రూపంలో జేబులోకి వెళ్లింది. కార్డు మీద ఉండే పదిహేను సంకేతాల సంఖ్య కూడా ఆ నమోదుకు చిరునామాయే: రెండక్షరాలు రాష్ట్రానికి, రెండంకెలు కార్యాలయానికి, నాలుగంకెలు జారీ అయిన సంవత్సరానికి, ఏడంకెలు వరుస సంఖ్యకు. హైదరాబాదులో 2014 జూన్‌కు ముందు లైసెన్సు తీసుకున్నవారి సంఖ్యలో ‘ఏపీ’ అక్షరాలు ఉంటాయి, తర్వాత తీసుకున్నవారి సంఖ్యలో ‘టీఎస్’, 2024 మార్చి తర్వాత తీసుకున్నవారి సంఖ్యలో ‘టీజీ’. రాష్ట్రం విడిపోయినా, అక్షరాలు మారినా పాత సంఖ్య గలవారి అర్హతకు ఏ లోటూ రాలేదు, ఎందుకంటే మారింది చిరునామా రాసే పద్ధతి మాత్రమే. విదేశాలకు వెళ్లిన తెలుగువారు అక్కడి అధికారులకు తమ డ్రైవింగ్ అనుభవాన్ని చూపించుకోవడానికి తెప్పించుకునే ‘లైసెన్స్ ఎక్స్‌ట్రాక్ట్’, అంటే రిజిస్టరులోని వివరాలను ఎత్తిరాసి ఇచ్చే ధ్రువపత్రం, కార్డు కంటే రిజిస్టరే పెద్ద సాక్ష్యమని ఆచరణలోనే ఒప్పుకుంటున్నది.

సాక్ష్యపు వస్తువు పోతే హక్కు ఏమవుతుందన్న ప్రశ్న ఈ దేశ సాహిత్యానికి కొత్త కాదు. కాళిదాసు నాటకంలో శకుంతల ఉంగరాన్ని నీటిలో పోగొట్టుకుంటుంది. దాన్ని ‘అభిజ్ఞానం’ అన్నాడు కవి, గుర్తుపట్టించే వస్తువు అని ఆ మాటకు అర్థం. రాజు దుష్యంతుడికి శాపవశాన జ్ఞాపకం చెరిగిపోయింది కాబట్టి ఉంగరం లేనిదే ఆమె భార్య కాకుండా పోయింది. ఆ ఉంగరం చేప కడుపులో దొరికినప్పుడు మొదట అనుమానించబడినవాడు దాన్ని దొరికించుకున్న జాలరి. రక్షకభటులు అతన్ని దొంగగానే పట్టుకొస్తారు. రోడ్డు మీద దొరికిన పర్సును స్టేషన్‌లో అప్పగించడానికి ఈనాటికీ మనుషులు వెనకాడడానికి కారణం ఆ జాలరి అనుభవం కంటే ఎంతో భిన్నమైనదేమీ కాదు. పదకొండవ శతాబ్దంలో నన్నయ తెలుగు చేసిన భారత కథలో మాత్రం ఉంగరం లేదు, శాపమూ లేదు. సభలో దుష్యంతుడు ఎరగనంటాడు, శకుంతల సత్యం గొప్పదనాన్ని వాదిస్తుంది, చివరకు ఆకాశం నుంచి ఒక వాణి ఆమె పక్షాన పలుకుతుంది. అప్పుడు రాజు చెప్పే మాట ఆలోచించదగినది: తనకు అంతా తెలుసు, అయితే లోకం నమ్మాలి కనుక తెలియనట్టు ఉన్నాడు.

ఈ రెండు కథల మధ్య భేదం రెండు కాలాల పరిపాలనల మధ్య భేదం వంటిది. రిజిస్టర్లు కాగితపు కట్టలుగా, ఏ ఊరి కార్యాలయానికి ఆ ఊరివిగా ఉన్నంతకాలం రాజ్యానికి జ్ఞాపకం బలహీనం. అనంతపురంలో లైసెన్సు తీసుకున్న మనిషి శ్రీకాకుళంలో ఆగినప్పుడు అక్కడి అధికారికి అతని గురించి తెలిసే దారి లేదు, అతని చేతిలోని చిన్న పుస్తకమే అభిజ్ఞానం. అది పోతే, జారీ చేసిన కార్యాలయానికే వెళ్లి, సంఖ్య గుర్తుంటే ఆ సంఖ్యతో, లేకపోతే సంవత్సరం అంచనాతో రిజిస్టర్లు తిరగేయించుకోవలసి వచ్చేది. ఇప్పుడు ‘సారథి’ అనే జాతీయ వ్యవస్థలో లైసెన్సుల వివరాలు, ‘వాహన్’ అనే దానిలో బండ్ల వివరాలు కంప్యూటర్లలో చేరాయి. తెలంగాణ రవాణా శాఖ చాలాకాలం తన సొంత వ్యవస్థతోనే నడిచి, 2016లోనే ఎం-వాలెట్ అనే యాప్ ద్వారా ఫోనులో లైసెన్సు చూపించుకునే వీలు కల్పించింది. రాజ్యానికి జ్ఞాపకం తిరిగి వచ్చింది. జ్ఞాపకం ఉన్న రాజు ఉంగరం అడిగితే దానికి వేరే కారణం చూపించవలసి ఉంటుంది.

కారణం లేకపోలేదు, దాన్ని న్యాయంగా చెప్పుకోవాలి. లైసెన్సు పోయిందని చెప్పే ప్రతి మనిషిదీ పోయి ఉండదు. తప్పు చేసినందుకు పోలీసులు స్వాధీనం చేసుకున్న లైసెన్సును, లేదా 19వ సెక్షన్ కింద అధికారి తాత్కాలికంగా నిలిపివేసిన లైసెన్సును దాచిపెట్టి, పోయిందని రాసిచ్చి రెండో కార్డు సంపాదించాలనుకునేవారు ఉంటారు. ఒకే అనుమతికి రెండు కార్డులు తిరిగితే, ఒకటి న్యాయస్థానంలో ఉండగా రెండోది రోడ్డు మీద ఉంటుంది. అందుకే దరఖాస్తుదారుడు తన లైసెన్సు ఎక్కడా స్వాధీనం కాలేదని రాసివ్వాలని, పాతది తర్వాత దొరికితే కార్యాలయానికి అప్పగించాలని షరతులు పెడతారు. పోలీసు పత్రమో, నోటరీ ముందు చేసిన ప్రమాణపత్రమో అడగడం వెనుక కూడా ఈ జాగ్రత్తే ఉంది. మోసపు కాగితాన్ని లేని కాగితం కంటే ఘోరంగా చూడడం కూడా పాత న్యాయమే: కౌటిల్యుని అర్థశాస్త్రంలో జనపదంలోకి రాకపోకలకు ముద్ర, అంటే రహదారి చీటీ, ఇచ్చే ముద్రాధ్యక్షుడు ఒక్కో ముద్రకు ఒక మాషకం రుసుము తీసుకుంటాడు, ముద్ర లేకుండా పట్టుబడిన స్వదేశీయుడికి 12 పణాల జరిమానా, దొంగ ముద్రతో పట్టుబడితే దానికంటే చాలా పెద్ద దండన. ఇంత వరకు అడగడం సబబే. అయితే ఏ లైసెన్సు నిలిపివేతలో ఉందో, ఏది స్వాధీనమైందో ఆ శాఖల కంప్యూటర్లకే తెలియవలసిన కాలంలో, ఆ విషయాన్ని పౌరుడు మరో శాఖ నుంచి కాగితం తెచ్చి నిరూపించాలనడం, ఒక గదిలో ఉన్న సమాచారాన్ని పక్కగదికి మోసే పనిని పోగొట్టుకున్న మనిషి భుజాన పెట్టడమే అవుతుంది.

ఆ భుజం ఎవరిదో చూడాలి. సొంత స్కూటరు మీద ఆఫీసుకు వెళ్లే మనిషి నాలుగు రోజులు బస్సెక్కుతాడు. లారీ డ్రైవర్ సంగతి అలాంటిది కాదు. అతని కార్డు చొక్కా జేబులో, రెండు మూడు మడతల పాలిథిన్ కవరులో, ఫోన్ నంబర్లు రాసుకున్న చిన్న పుస్తకానికీ సర్దుకున్న నోట్లకూ మధ్య ఉంటుంది. చెమటకు కవరు పసుపెక్కి, కార్డు అంచులు అరిగి, ఫొటో మీద కనుబొమల వరకు మాత్రమే గుర్తుపట్టేలా ఉంటుంది. బంగారు రంగు చిప్పు మీద గీతలు పడి ఉంటాయి. రవాణా వాహనాల లైసెన్సుకు ఐదేళ్లకోసారి పునరుద్ధరణ కావాలి కనుక ఆ తేదీని అతను పిల్లల పుట్టినరోజు కంటే జాగ్రత్తగా గుర్తుపెట్టుకుంటాడు. కొత్త యజమాని దగ్గర పనికి కుదరాలంటే మొదట చూపించేది అదే. కొందరు యజమానులు బండి తాళంచెవి ఇచ్చి అసలు లైసెన్సును తమ దగ్గర పూచీగా ఉంచుకుంటారు, అది తగని పని అయినా వాడుకలో ఉంది. రాత్రి ధాబాలో నిద్రపోయి లేచేసరికి ఆ చొక్కా జేబు ఖాళీగా ఉంటే, అతను ఉన్నది మహారాష్ట్రలో కావచ్చు, ఊరు ఉన్నది నల్గొండ జిల్లాలో కావచ్చు, బండిలో సరుకు దిగవలసినది మూడో రాష్ట్రంలో కావచ్చు. అర్హత అతనితోనే ఉంది, చేతుల్లో, కళ్లలో, ఇరవై ఏళ్ల అనుభవంలో. రోడ్డు మీద అడిగేది మాత్రం కార్డును.

ఇటువంటి మనిషి విషయంలో చట్టం ఒకచోట ఎంతో దయగా ఉండి, మరోచోట మౌనంగా ఉండడం ఆశ్చర్యం కలిగిస్తుంది. 206వ సెక్షన్ ప్రకారం, తప్పు చేసిన డ్రైవరు సమన్లకు దొరకకుండా పోతాడని నమ్మినప్పుడు పోలీసు అధికారి అతని లైసెన్సును స్వాధీనం చేసుకోవచ్చు. అలా తీసుకున్నప్పుడు ఒక తాత్కాలిక రసీదు ఇచ్చి తీరాలి. లైసెన్సు తిరిగి చేతికి వచ్చేదాకా, లేదా న్యాయస్థానం మరో విధంగా ఆదేశించేదాకా, బండి నడపడానికి ఆ రసీదే అధికారం ఇస్తుంది. అడిగినప్పుడు లైసెన్సుకు బదులు ఆ రసీదు చూపించవచ్చని 130వ సెక్షన్ కూడా ఒప్పుకుంటుంది. కార్డు లేకపోయినా అనుమతి నిలిచే ఉంటుందన్న సూత్రాన్ని ఇంతకంటే స్పష్టంగా చెప్పలేరు. తప్పు చేసి లైసెన్సు పోలీసుల చేతిలో పెట్టినవాడికి ఆ రెండు సెక్షన్లు ఇచ్చిన ఈ నిలకడను, ఏ తప్పూ చేయకుండా దొంగ చేతిలో పోగొట్టుకున్నవాడికి అవే సెక్షన్లు ఇవ్వలేదు. ఇద్దరి కార్డులూ వేరొకరి దగ్గరే ఉన్నాయి. ఒకరికి రసీదు ఉంది.

ఫోను ఈ లోటును చాలావరకు పూడ్చిందని అంటారు, అది నిజం కూడా. 2015 జులైలో డిజిలాకర్, అంటే ప్రభుత్వ శాఖలు తాము జారీ చేసిన పత్రాలను నేరుగా పౌరుడి ఖాతాలో ఉంచే ఎలక్ట్రానిక్ భద్రపేటిక, మొదలవడం, అందులోని పత్రాలకు అసలు పత్రాలతో సమానమైన విలువ ఉందని నిబంధనల్లో చేర్చడం, 2018 ఆగస్టులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు ఆ మేరకు సూచనలు పంపడం, అదే ఏడాది నవంబరులో 139వ నిబంధనను సవరించి ఎలక్ట్రానిక్ రూపంలో చూపించిన లైసెన్సును అంగీకరించడం వరుసగా జరిగాయి. 2021 మార్చిలో ఆధార్ ధ్రువీకరణతో ఇంటి నుంచే పొందగలిగిన 18 సేవల్లో డూప్లికేట్ లైసెన్సు కూడా చేరింది. ఈ వరుసలో ఏ ఒక్కటీ కార్డుకు కొత్త విలువ ఇవ్వలేదు, అన్నీ రిజిస్టరు విలువనే పెంచాయి. కానీ దొంగ చేయి పర్సు దగ్గరే ఆగదు. ఫోనూ పోయిన రోజున, ఓటీపీ వచ్చే నంబరు కూడా పోయిన రోజున, భద్రపేటిక తాళం ఆ పేటికలోనే ఉండిపోయినట్టు అవుతుంది. ఆ మనిషి మొదట చేయవలసిన పని సిమ్‌ను ఆపించి అదే నంబరుతో కొత్తది తీసుకోవడం. తక్కినవన్నీ దాని తర్వాతే నడుస్తాయి.

ఇంతకంటే కష్టమైన స్థితి పాతవారిది. అట్టబైండు వేసిన చిన్న పుస్తకంలో, ఫొటో అంటించి, దాని అంచు మీద కార్యాలయపు ముద్ర పడేలా కొట్టి, చేతిరాతతో ఇచ్చిన లైసెన్సులు ఇంకా చాలా ఇళ్లలో ఉన్నాయి. వాటిలో కొన్నింటి వివరాలు కంప్యూటరులోకి ఎక్కనేలేదు. అలాంటి పుస్తకం చేతిలో ఉండగానే కార్యాలయానికి తీసుకెళ్లి ‘బ్యాక్‌లాగ్ ఎంట్రీ’ చేయించుకోవడం, అంటే పాత రిజిస్టరులోని వివరాలను కొత్త వ్యవస్థలో నమోదు చేయించుకోవడం, సాధ్యమే. అదే పుస్తకం పోయాక, సంఖ్య కూడా గుర్తులేకపోతే, అసలూ నకలూ రెండూ ఒకేసారి అందకుండా పోతాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీటిలో ఉన్నప్పుడు బీరువాల కింది అరల్లో దాచుకున్న కాగితాలు ముద్దలయ్యాయి. అక్కడ పోయిన లైసెన్సులు జారిపోలేదు, ఎవరూ కొట్టేయలేదు, పారేసుకున్నవారూ లేరు. నీటి పాలయ్యాయి అన్న మాట ఒక్కటే వాటికి సరిపోతుంది.

దొంగిలించిన లైసెన్సు విషయంలో ఇంకొక భయం ఉంది, దాన్ని చిన్నదిగా చూడకూడదు. కార్డు మీద పేరు, తండ్రి లేదా భర్త పేరు, పుట్టిన తేదీ, ఇంటి చిరునామా, రక్తం గ్రూపు, సంతకం, ఫొటో ఉంటాయి. ఒక అపరిచితుడికి ఇంతకంటే ఎక్కువగా ఎవరూ తమను తాము పరిచయం చేసుకోరు. ప్రమాదంలో పడినవాడిని గుర్తుపట్టి ఇంటికి కబురు పంపడానికి పనికొచ్చే ఆ వివరాలే, చెడ్డ చేతిలో పడితే అతని పేరుతో మరెవరో వ్యవహారం నడపడానికి పనికొస్తాయి. కనుక దొంగతనమని తెలిసినప్పుడు ‘పోయింది’ అని తేలిక మాటతో రాసి పని త్వరగా ముగించుకోమనే సలహాను వినకపోవడమే మంచిది. ఏ రోజు, ఏ వేళ, ఏ బస్సులో, ఏయే కాగితాలతో సహా పోయిందో రాసి నమోదు చేయించిన ఫిర్యాదు, తర్వాత ఎప్పుడో ఎవరో ఆ కార్డును దుర్వినియోగం చేసినప్పుడు ఆ తేదీ నుంచి అది తన చేతిలో లేదని చెప్పే సాక్ష్యం అవుతుంది. లైసెన్సు తిరిగి తెచ్చుకోవడానికి అవసరమైన కాగితంగా కంటే, ఆ సాక్ష్యంగా ఫిర్యాదుకు ఎక్కువ విలువ ఉంది.

రవాణా కార్యాలయం గేటు ముందు జిరాక్స్ యంత్రాల పక్కన కూర్చునే ఏజెంట్ల బతుకు తెరువు ఈ అయోమయం మీదే చాలావరకు నడుస్తుంది. వారు అమ్మేది డూప్లికేట్ కార్డు కాదు. పోగొట్టుకున్న మనిషికి తన అర్హత కూడా పోయిందేమోనన్న బెంగ నుంచి విడుదలను అమ్ముతారు. ఫారం నింపి, స్లాటు తీసి, ఏ కౌంటరు దగ్గర నిలబడాలో చెప్పి, రుసుముకు రెండు మూడింతలు తీసుకున్న తర్వాత కూడా ఆ మనిషి కృతజ్ఞతతో ఇంటికి వెళ్తాడు. తన పేరు ఆ కార్యాలయపు రిజిస్టరులో నిన్నటిలాగే ఈ రోజూ ఉందని, తాను అడుగుతున్నది దయను కాదు, తన నమోదుకు మరొక ప్రతిని అని అతనికి మొదటి కౌంటరులోనే ఎవరైనా చెప్పి ఉంటే, ఆ డబ్బులో చాలా భాగం అతని ఇంట్లోనే ఉండేది.

కాబట్టి రవాణా శాఖలు చేయవలసిన పని ఒకటి కనిపిస్తున్నది. లైసెన్సు పోయిందని దరఖాస్తు అందిన వెంటనే, రిజిస్టరు చూసి, అది నిలిపివేతలో గానీ స్వాధీనంలో గానీ లేదని తామే సరిచూసుకుని, కార్డు ఇంటికి చేరేదాకా బండి నడపడానికి చెల్లే రసీదును ఆ పూటే ఇవ్వాలి. స్వాధీనమైన లైసెన్సుకు 206వ సెక్షన్ ఏ మాట చెప్పిందో, పోయిన లైసెన్సుకు కూడా ఆ మాటను స్పష్టంగా, దేశమంతటికీ ఒకేలా వర్తించేట్టు కేంద్ర నిబంధనల్లో చేర్చాలి. పాత పుస్తకాల లైసెన్సులు ఉన్నవారు అవి చేతిలో ఉండగానే కార్యాలయానికి వెళ్లి వివరాలు ఎక్కించుకోవాలి. ఈ వ్యాసం చదివినవారు తమ కార్డు మీది పదిహేను సంకేతాల సంఖ్యను ఇంట్లో రేషన్ కార్డు, ఇంటి పన్ను రసీదులు దాచే చోట ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి. పర్సూ ఫోనూ రెండూ పోయిన రోజున రిజిస్టరు తలుపు తెరవడానికి ఆ ఒక్క సంఖ్య చాలు.